తువ్వాల కింద నాలుగు వేళ్ళు

మా సావుకారి చనిపోయేముందు అడిగింది నాలుగు చెంచాల జావ. ఈ మాట ఆయన పోయిననాడే, శవాన్ని మంచం మీంచి దించకముందే, అందరి ముందూ చెప్పాను. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. నమ్మి ఉంటే నేను ఆరేళ్ళు ఆ గేటు లోపల ఉండిపోయేదాన్ని కాదు, నా బిడ్డ నా చేతుల్లో పెరిగేది.

"గక్కడెందుకున్నవే, గోడ దుంకి రాకపోయినవా?" అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. ఒళ్ళు మండిపోతుంది నాకు. దుంకి ఎక్కడికి పోవాలో కూడా వాళ్ళే చెప్తే బాగుండు.

మాది మెట్‌పల్లి, మగ్గాల ఇల్లు. నా మగడు జ్వరం తగిలి పదిరోజుల్లో పోయాడు. అప్పటికి బిడ్డకు రెండేళ్ళు. రజాకార్ల గొడవ అణిగి ఏళ్ళు గడిచినా మా వాడలో మగ్గాలు మాత్రం కోలుకోలేదు. నూలు దొరికితే గిరాకి లేదు, గిరాకి ఉంటే నూలు లేదు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం; బిడ్డను మా అవ్వ ఒళ్ళో పెట్టి, జమ్మికుంట పత్తి మిల్లులో ఏరే పనికి వచ్చాను. దూదిలో ఆకునలుసు, మట్టి, పసుపు పట్టిన పోగు ఏరి అవతల పారెయ్యడమే ఆ పని. "గీ పత్తి దినాలు అయిపోంగనే వస్త" అని చెప్పి వచ్చాను.

ఆ మిల్లు సావుకారి గురించి జమ్మికుంటలో ఎవరినడిగినా ముందు నవ్వేవాళ్ళు, తర్వాత చెప్పేవాళ్ళు. నెత్తిన పత్తి మూట మోసి మొదలుపెట్టిన మనిషి. నేను వెళ్ళేనాటికి పత్తి మిల్లు, నూనె గానుగల మిల్లు, ఆదిలాబాదు అడవుల్లో తునికాకు వ్యాపారం, మిల్లు పక్కనే పెద్ద ఇల్లు ఉన్నాయి. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. మోటారుకారు కొన్నాడు గానీ ఒక్కనాడూ తోలించలేదు. షెడ్డులో దాని వెనకసీటు మీద కూర్చుని రెండుపూటలా అన్నం తినేవాడు. "గీడ ఈగలు రావు" అనేవాడు. ఇంట్లో ఒక్క గదికీ తలుపు ఉండనియ్యలేదు. కట్టించిన తలుపులన్నీ ఊడబీకించి మిల్లులో బల్లలు చేయించాడట. తలుపు ఉన్నచోట దొంగతనం పుడుతుందని ఆయన లెక్క. ఇల్లంతా గాలికి బార్లా తెరుచుకుని ఉండేది, బయటికి మాత్రం ఒకటే ఇనుపగేటు. అప్పుడది చూసి నేనూ నవ్వాను.

అన్నిటికంటే పెద్ద చోద్యం ఆయన అంకె పలకకపోవడం. పత్తి బేరం నోటితో చెయ్యరు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద తువ్వాల కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు పట్టుకుంటే నాలుగు, పంజా మొత్తం పట్టుకుంటే అయిదు. అది దాటితే మళ్ళీ మొదటినుంచి కలుపుకుంటూ పోవడమే. అవి వందలా, పదులా, అణాలా అన్నది మాత్రం పైకి అంటారు. చుట్టూ పదిమంది నిలబడ్డా అంకె ఎవరికీ అందదు. ఇది అంగట్లో అందరూ చేసేదే. మా సావుకారి మాత్రం కూరగాయల ముసలమ్మతో కూడా తువ్వాల కిందే బేరమాడేవాడు. మంగలికి చెయ్యి కింద పెట్టమనేవాడు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు ఎంతమంది భోజనానికి వస్తారని అడిగితే తువ్వాల తీసేవాడు. నోట్లోంచి అంకె బయటపడితే ఆయుష్షు పోతుందన్నట్టు ఉండేది ఆయన వాలకం.

ఒకనాడు ఏరేవాళ్ళ వరసలో నా దగ్గర ఆగాడు. నేను చూడకుండానే, పక్కామెతో మాట్లాడుతూనే, మంచి దూది ఒకపక్క, పొట్టిపోగు దూది ఒకపక్క వేస్తున్నాను. మగ్గాల ఇంట్లో పుట్టినదానికి అదేం గొప్ప? ఆయనకు మాత్రం గొప్పగా తోచింది.

"గీ పిల్ల వేళ్ళకు కండ్లున్నయి" అన్నాడు గుమాస్తాతో.

అప్పటినుంచి నా కూర్చోవడం కారు షెడ్డులో. బండ్లలోంచి తెచ్చిన దూది ముట్టి చూసి మంచిదో కాదో, ఎన్నో రకమో చెప్పాలి. చెప్పడమంటే నోటితో కాదు, తువ్వాల కింద. తొలిరోజు చెయ్యి పెట్టడానికి సిగ్గుతో చచ్చిపోయాను. ఏరేవాళ్ళు ఊరుకుంటారా? "ముసలోడు పిల్ల చెయ్యి ఇడుస్తలేడే" అని ముసిముసి నవ్వులు. ఆయనకు డెబ్బై దాటాయి, వేళ్ళు ఎండిన బెండకాయల్లా ఉండేవి. దూది గురించి తప్ప నాతో ఒక్కమాట మాట్లాడి ఎరగడు. కానీ బేరం నేర్పాడు. నేను రెండు అంటే ఆయన నాలుగు అని, మధ్యలో మూడుకు తేలేదాకా ఒప్పుకునేవాడు కాదు. ఆయనకు గెలుపు అక్కర్లేదు, బేరం కావాలి.

ఏడాదిన్నరకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోరు వంకరపోయి మాట పూర్తిగా ఆగిపోయింది. ఎడమచెయ్యి మిగిలింది. ఆ చేతికి తువ్వాల కావాలి, తువ్వాల కింద ఇంకో చెయ్యి కావాలి. ఎవరు చెయ్యి పెట్టినా విదిలించుకునేవాడు, నాది మాత్రం ఉంచుకునేవాడు. ఇంక చూడండి, నా పని దూది చూడటం పోయి ఆయనకు జావ పొయ్యడం అయింది. ఆయన నాలుగు చెంచాలు తాగుతానని నాలుగు వేళ్ళు పట్టుకునేవాడు. నేను పంజా పట్టుకుని, మళ్ళీ మూడు వేళ్ళు పట్టుకుని ఎనిమిది అనేదాన్ని. ఆయన అయిదు, నేను ఏడు. ఆరుకు తేలేది. తేలగానే నోరు తెరిచేవాడు. కళ్ళలో నవ్వు కనపడేది. రోజూ ఇదే ఆట.

ఆయన పోయింది పొద్దున, జావ వేళకు. ఇక దక్కడన్న కబురు తెలిసి వారం ముందే ఇల్లు నిండిపోయింది. మంచానికి ఒకపక్క ఆయన తమ్ముడు, ఇంకోపక్క ఆయన పెంచి పెద్దచేసిన మేనల్లుడు. తునికాకు వ్యాపారం చూసుకునేది ఈ మేనల్లుడే. ఇద్దరి వెనకా వాళ్ళవాళ్ళు. నేను జావగిన్నె పెట్టుకుని తువ్వాల కప్పాను. నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. నేను ఎనిమిది అన్నాను. మళ్ళీ నాలుగే పట్టుకున్నాడు, ఈసారి గట్టిగా. నేను మొండిగా మళ్ళీ ఎనిమిదే అన్నాను. ఎప్పటిలా ఆరుకు దిగుతాడని చూస్తున్నాను. వేళ్ళు వదులైపోయాయి.

బేరం ఇష్టం లేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడనుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని.

మంచం చుట్టూ ఏడుపులు లేచాయి. తమ్ముడు నా జబ్బ పట్టుకున్నాడు. "ఏం జెప్పిండు? చివరికి ఏం జెప్పిండు మా అన్న?"

"నాలుగు అన్నడు."

"నాలుగా? నాలుగేంది?"

"జావ. నాలుగు చెంచల జావ."

మేనల్లుడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇన్ని మిల్లులున్న మా మామ సచ్చేటప్పుడు జావ అడుగుతడా? ఎవల్ని పరేషాన్ జేస్తున్నవే?"

పత్తిబేరంలో పుట్టి పెరిగినవాళ్ళు వాళ్ళు. తువ్వాల కింద జావ మాట్లాడుకుంటారని వాళ్ళ బుర్రకు ఎట్లా ఎక్కుతుంది? దినాలు పూర్తవకముందే ఆ నాలుగుకు రెండు అర్థాలు పుట్టాయి. తమ్ముడికి నలుగురు కొడుకులు. ఆస్తి నా నలుగురికీ ఇచ్చిపోయిండని ఆయన. పత్తి మిల్లు, నూనె మిల్లు, ఆకు వ్యాపారం, ఇల్లు, ఈ నాలుగూ నాకే ఇచ్చిపోయిండని మేనల్లుడు. కోర్టులో దావా పడింది. కాగితం మీద వీలునామా లేదు. సాక్షిని నేనొక్కదాన్నే.

కేసు తేలేదాకా ఆస్తిని కాయడానికి కోర్టు ఒక రిసీవరును పెట్టింది. పాత నిజాం కాలపు కచేరీలో పనిచేసి దిగిన మనిషి, ఉర్దూ తప్ప రాయడు. ఆయన మిల్లులకు తాళాలు వేయించి, ఇంటి గేటు దగ్గర ఒక కాగితం చదివి, నాకు తెలుగులో ముక్తసరిగా చెప్పాడు. "కేసు తేలేదాంక నువ్వు గీన్నే ఉండాలె. బయటికి పోవద్దు." అంతే. గేటు దగ్గర తమ్ముడు ఒక జవానును పెట్టాడు, మేనల్లుడు ఇంకొకణ్ణి పెట్టాడు. వాళ్ళిద్దరికీ అన్నిటిలో తగాదాయే గానీ, నన్ను బయటికి పోనియ్యొద్దన్న ఒక్కదాంట్లో ఇద్దరూ ఒక్కటయ్యారు.

ఆ ఇంట్లో తలుపులు లేవని చెప్పాను కదా. స్నానానికి చీర అడ్డం కట్టుకోవాలి. ఏ గదిలో కూర్చున్నా గేటు దగ్గరి జవాన్లకు కనపడతాను. రెండేళ్ళు గడిచేసరికి నాకు కోపం కూడా పోయి, ఒకరకమైన మొద్దుతనం వచ్చింది. పొద్దున లేస్తే ఊడవడం, ఎవరూ ఉండని గదులు ఊడవడం. కారు మీద దుమ్ము తుడవడం. అద్దంలో చూసుకుంటే నాకే నా మీద విసుగు.

మా అవ్వ నెలకొకసారి బిడ్డను తీసుకుని మెట్‌పల్లినుంచి వచ్చేది. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, నేనేదైనా చెప్పేస్తానని భయం. గేటు ఊచల్లోంచి మాట్లాడుకోవాలి. మాట్లాడుతుంటే జవాన్లిద్దరూ చెరోపక్క చెవులు పెట్టుకుని నిలబడేవాళ్ళు. నేను "బువ్వ తిన్నవా బిడ్డా" అంటే, ఆ బువ్వలో ఏం మతలబు ఉందోనని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. బిడ్డకు వాళ్ళ మీసాలంటే భయం, నోరు తెరిచేది కాదు.

అందుకని కొంగు తీసి ఊచల మీదుగా మా చేతుల మీద కప్పాను. దాని వేళ్ళు పట్టుకుని ఒకటి, రెండు, మూడు నేర్పాను. రెండో నెలకే వచ్చేసింది దానికి. ఎన్ని పళ్ళు ఊడాయో చెప్పేది. ఎన్ని రొట్టెలు తిన్నదో చెప్పేది. నేను నోటితో "పండ్లా?" "రొట్టెలా?" అని అడిగేదాన్ని, అది తల ఊపేది, వేళ్ళు పట్టుకునేది. జవాన్లు గింజుకునేవాళ్ళు. "ఏం జెప్పుకుంటున్నరే మీరు?" అని ఒకడు అరిస్తే, "పండ్లూడినయంటుంది, నీవి గూడ చెప్పాల్నా?" అన్నాను. బిడ్డ అప్పుడు మొదటిసారి నవ్వింది ఆ గేటు దగ్గర.

ప్రతిసారీ చివర్లో ఒక్కటే అడిగేది. "ఎన్నిదినాలకస్తవవ్వా?" ఏం చెప్పను? తోచిన అంకె చెప్పేదాన్ని. అది ఇంటికిపోయి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి కొట్టేస్తుందని మా అవ్వ చెప్పింది. ఆ మాట విన్నాక అంకె చెప్పడం మానేశాను.

నాలుగో ఏడు మా అవ్వకు బాగా జబ్బు చేసింది. ఒక్కసారి చూసి వస్తానని రిసీవరు కాళ్ళమీద పడ్డాను. ఆయన రెండు వర్గాలకూ చెప్పాడు. మర్నాడు పొద్దున గేటు ముందు రెండు కచ్చురాలు నిలబడ్డాయి, ఎడ్లకు మువ్వలు కట్టి. మా బండిలో రావాలంటే మా బండిలో రావాలని తమ్ముడి మనుషులు, మేనల్లుడి మనుషులు జుట్లు పట్టుకున్నారు. ఒకడి తల పగిలింది. మధ్యాహ్నానికి రెండు బండ్లూ తిరిగిపోయాయి. నేను కట్టుకున్న మూట విప్పి చీరలు మళ్ళీ దండెం మీద వేశాను. మా అవ్వ బతికింది, అది వేరే సంగతి.

ఒక్క అబద్ధం ఆడితే బయటపడేదాన్ని. ఇద్దరూ ఎవరికి వాళ్ళు చాటుగా చెప్పి పంపారు. తమ్ముడి భార్య స్వయంగా వచ్చి నా పక్కన కూర్చుంది. "చెల్లే, నలుగురు పిలగాండ్లకు అన్నడని ఒక్కమాట అను. రేపే నీ బిడ్డకాడికి తోలిస్త." చెల్లె అట, చెల్లె! నాలుగేళ్ళలో ఒక్కపూట నేనేం తిన్నానని అడగలేదు. మేనల్లుడైతే మెట్‌పల్లిలో ఇల్లే రాసిస్తానన్నాడు.

ఎందుకు అనలేదంటే, నిజం కోసమని ఇప్పుడు చెప్పుకుంటే అందంగానే ఉంటుంది. అది కాదు. ఆ ముసలాయన నాలుగు అడిగితే నేను ఇవ్వలేదు. ఆకలి మీద అడిగాడో, బేరం మీద అడిగాడో, నేను మాత్రం ఎనిమిది ఎనిమిది అని సతాయించాను. అడిగిన నాలుగు పోసి ఉంటే కడుపులో నాలుగు చెంచాలతో పోయేవాడు. ఆ నాలుగును మళ్ళీ ఇంకెవరికో అమ్మడానికి నాకు మనసొప్పలేదు. మనసొప్పలేదు గానీ, దానికి కట్టిన వెల నా ఒక్కదానిది కాదు, నా బిడ్డది కూడా. నా మొండితనానికి దాని బతుకులోంచి తీసి ఇచ్చాను.

ఆరో ఏడు నా వంతు వచ్చింది. కరీంనగర్ కోర్టులో నన్ను బోనెక్కించారు. హాలు కిక్కిరిసి ఉంది, జమ్మికుంట అంగడి సగం అక్కడే ఉంది. జడ్జి నడివయసు మనిషి. ఏం చెప్పాడమ్మా అన్నాడు. నాలుగు అన్నాడని చెప్పాను. నాలుగేమిటన్నాడు. జావ అన్నాను. హాలంతా గొల్లుమంది. మేనల్లుడి వకీలు లేచి, ఈమెను అవతలివాళ్ళు కొనేశారన్నాడు. తమ్ముడి వకీలు లేచి అదే మాట అన్నాడు.

నాకు ఆరేళ్ళ మంట ఒక్కసారి నెత్తికెక్కింది. "ఒక తువ్వాల ఇప్పియ్యుండ్రి సారూ" అన్నాను.

జడ్జి తల ఊపాడు. బంట్రోతు భుజం మీది తువ్వాల ఇచ్చాడు. మేనల్లుడి వకీలును చెయ్యి పెట్టమన్నాను. పెట్టాడు పాపం, అంతమంది ముందు ఏం చేస్తాడు. నాలుగు వేళ్ళు పట్టుకున్నాను.

"నేను ఎంతన్న?"

"నాలుగు."

"నాలుగేందివి? ఎడ్లా, బండ్లా, నీ పిల్లలా?"

వకీలు తువ్వాల కిందినుంచి చెయ్యి లాక్కున్నాడు.

"తువ్వాల కింద అంకె ఒక్కటే ఉంటది సారూ. ఏందివన్నది నోటితోటే చెప్పాలె. ఆయనకు నోరు వడిపోయింది. జావగిన్నె నా ఒళ్ళున్నది. గింతే."

హాల్లో పత్తివాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళకు తెలియనిదా? ప్రతి అంగటినాడూ చేసే పని. ఆస్తి మాటొచ్చేసరికి మర్చిపోయారు. ఈ సాక్ష్యం దేనికీ పనికిరాదని జడ్జి అక్కడికక్కడే రాయించాడు. వక్కపలుకు నమిలినంత సేపు పట్టలేదు. తర్వాత నావైపు చూసి, ఇక మీ ఇంటికి వెళ్ళమ్మా అన్నాడు.

"పోవచ్చా? గేటు తీస్తరా?"

"ఏ గేటు?"

చెప్పాను. ఆయన రిసీవరును పిలిచి పాత కాగితం తీయించి చదివించుకున్నాడు. ఇంట్లోని సామాను ఏదీ బయటికి పోరాదని ఉందట అందులో. మనుషుల ఊసే లేదట. ఆరేళ్ళు నన్ను ఆ మంచాలు, బిందెలు, కారుతో కలిపి లెక్కగట్టారు. జడ్జి రిసీవరును గట్టిగా చీవాట్లు పెట్టాడు. నాకు ఆ చీవాట్లు వినడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆస్తి సంగతంటారా, అది నేను బయటికొచ్చాక కూడా కోర్టుల్లోనే నలిగింది. వానకు మిల్లు కప్పు కూలిందని, కారులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయని విన్నాను. మళ్ళీ అటువైపు పోలేదు.

మెట్‌పల్లిలో బస్సు దిగి ఇంటికి నడిచాను. మధ్యాహ్నం. మా అవ్వ వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. బిడ్డకు పదేళ్ళు వచ్చాయి. నన్ను చూసి పరుగెత్తి వచ్చింది, వచ్చి గడప అవతలే ఆగిపోయింది. లోపలినుంచి చెయ్యి మాత్రం బయటికి చాపింది. అంతేగా దానికి తెలిసిన అవ్వ, ఊచల్లోంచి అందే చెయ్యి. నేను గడప ఇవతల కూర్చుండిపోయాను.

నా కొంగు అదే లాక్కుని మా చేతుల మీద కప్పింది. "ఎన్నిదినాలుంటవ్?" అంది మెల్లగా.

పంజా మొత్తం పట్టుకున్నాను. వదిలి మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ. అది పెదాలు కదుపుతూ లెక్క పెడుతోంది. పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. నేను ఆపలేదు. దాని లెక్క తప్పింది.

"ఏందివవ్వా గివి? దినాలా, నెలలా?"

చెప్పబోయాను. వేళ్ళు మాత్రం పట్టుకుంటూనే ఉన్నాను. అది కొంగు తీసి పక్కన పడేసి, అటూ ఇటూ చూసింది.

"గీడ జవాన్లు లేరవ్వా" అంది. "నోటితోటి చెప్పు."